అంకెల్లో పారిన నీళ్ళు

గాలి ఆడని గదిలో అగరొత్తి వెలిగించి పొగను కాసేపు చూడండి. మొదట జానెడెత్తు దాకా తిన్నగా లేస్తుంది. ఆ పైన ఒకసారి వణుకుతుంది, మెలికలు తిరుగుతుంది, ఆ తర్వాత ఎటు పోతుందో చెప్పలేనట్టు చెదిరిపోతుంది. కిందా పైనా ఉన్నది అదే పొగ, అదే గాలి. మధ్యలో ఎవరూ ఊదలేదు. కుళాయి సన్నగా తిప్పితే నీళ్ళు చప్పుడు లేకుండా దిగుతాయి, బాగా తిప్పితే చిందర వందరగా పడతాయి. ఇదీ అదే సంగతి. పొరలు పొరలుగా జారే ప్రవాహం ఒకటి, సుళ్ళు సుళ్ళుగా కలగాపులగమయ్యే ప్రవాహం ఇంకొకటి. ఈ రెండోదే టర్బులెన్స్.

దాన్ని కంప్యూటర్ లోపల పారించి చూడటానికి తన ఉద్యోగ జీవితమంతా పెట్టిన ఒకాయన గురించి ఈసారి చెబుతాను. పేరు పర్వీజ్ మొయిన్. ఇరాన్‌లో పుట్టి, అమెరికాలో చదువుకుని, అక్కడే స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీలో ప్రొఫెసరయ్యారు. ఆయన పేరు మన పేపర్లలో కనబడదు. కానీ విమానం రెక్క మీది గాలికీ, జెట్ ఇంజను లోపలి మంటకీ ఇవాళ ఇంజనీర్లు వేసే లెక్కల్లో ఆయన పని ఎక్కడో ఒకచోట తగులుతుంది.

ముందు పాత కథ కొంచెం చెప్పుకోవాలి. తిన్నని ప్రవాహానికీ సుళ్ళ ప్రవాహానికీ తేడాను నిదానంగా పరీక్షించి చూపించింది మాంచెస్టర్‌లో ఆస్‌బర్న్ రెనాల్డ్స్, 1883లో. గాజు గొట్టంలో నీళ్ళు పారిస్తూ మధ్యలో సన్నగా రంగు వదిలాడు. నీళ్ళు మెల్లగా పారుతున్నంతసేపూ రంగు గీత చెక్కు చెదరలేదు. వేగం పెంచితే ఒక చోట గీత వణికి గొట్టం నిండా కలిసిపోయింది. ఎప్పుడు వణుకుతుందన్నది ఒక్క వేగం మీదే ఆధారపడి లేదని ఆయన గ్రహించాడు. వేగాన్ని గొట్టం వ్యాసంతో హెచ్చవేసి, ద్రవం జిగటను తెలిపే కొలతతో భాగిస్తే ఒక అంకె వస్తుంది. దాన్నే రెనాల్డ్స్ సంఖ్య అంటున్నాం. గొట్టాల్లో అది సుమారు రెండు వేలు దాటాక సుళ్ళు పుట్టి నిలిచే అవకాశం మొదలవుతుంది. డాబా మీది ట్యాంకు నుంచి దిగే పైపు 2 సెంటీమీటర్ల వ్యాసం, నీటి వేగం సెకనుకు ఒక మీటరు అనుకుంటే ఈ సంఖ్య 20 వేలు. 5 మీటర్ల లోతున అదే వేగంతో పారే ఏరయితే 50 లక్షలు. అంటే మన చుట్టూ పారేవన్నీ దాదాపు సుళ్ళ ప్రవాహాలే. తిన్నగా పారేదే అరుదు.

వీటన్నిటినీ నడిపించే సమీకరణాలు రెనాల్డ్స్ నాటికే ఉన్నాయి. 1822లో ఫ్రెంచి ఇంజనీరు నావియే, 1845లో కేంబ్రిడ్జిలో స్టోక్స్ వాటిని రాశారు. న్యూటన్ చలన సూత్రాన్నే పారే ద్రవానికి అన్వయించినవి అవి.

ఇంజనీరింగ్ చదివే మా మనవరాలు ఇది విని, "సమీకరణాలు అప్పుడే దొరికాయి కదా తాతయ్యా, మరి ఇన్నాళ్ళుగా చేస్తున్నదేమిటి?" అంది. న్యాయమైన ప్రశ్నే. సమీకరణం చేతిలో ఉండటం వేరు అమ్మలూ, జవాబు చేతికి రావడం వేరు. ఈ సమీకరణాల్లో వేగాన్ని మోసుకుపోయేది కూడా వేగమే. ఇక్కడి నీటి వేగం తెలియాలంటే దాన్ని మోసుకొచ్చిన పక్క నీటి వేగం తెలియాలి, దాని వేగం తెలియాలంటే మళ్ళీ దీన్ని అడగాలి. కాగితం మీద ఆ ముడి విప్పడం ఎవరికీ చేతకాలేదు. అసలు మూడు కొలతల్లో వీటికి ఎల్లకాలం సజావుగా ఉండే పరిష్కారం ఉంటుందా లేదా అన్నది తేల్చినవాళ్ళకు 10 లక్షల డాలర్లు ఇస్తామని క్లే గణిత సంస్థ 2000లో ప్రకటించింది. ఆ బహుమతి ఇంకా అలాగే ఉంది.

కాగితం మీద కుదరకపోతే అంకెలతో కుస్తీ పట్టాలి. నీళ్ళున్న చోటంతా బిందువులు పెట్టుకుని, ఒక్కో బిందువు దగ్గర వేగమెంతో, పీడనమెంతో రాసుకుని, సెకనులో ఏ వెయ్యో వంతు తర్వాత ఎంతవుతుందో సమీకరణం ప్రకారం లెక్కకట్టాలి. తర్వాత మళ్ళీ, మళ్ళీ. ఇలా వాతావరణాన్ని లెక్కించవచ్చని ఇంగ్లండులో లూయిస్ రిచర్డ్‌సన్ 1922లోనే పుస్తకం రాశాడు. అప్పటికి కంప్యూటర్లు లేవు. ఒక పెద్ద హాల్లో 64 వేల మంది మనుషులు కూర్చుని ప్రపంచమంతటి గాలినీ లెక్కిస్తున్నట్టు ఊహించాడాయన. ఆ ఊహ నాకెంతో ఇష్టం. దుస్సాధ్యమని తెలిసి కూడా దారి ఇదేనని చెప్పగలిగాడు కదా.

కష్టమంతా ఎక్కడుందంటే, సుళ్ళ పరిమాణాల్లో ఉంది. పెద్ద సుడి విరిగి చిన్న సుళ్ళవుతుంది, అవి విరిగి ఇంకా చిన్నవవుతాయి. చివరికి ద్రవం జిగటే వాటిని అణచి వేడిగా మార్చేస్తుంది. ఆ ఆఖరి సుడి ఎంత చిన్నదో మాస్కోలో కొల్మొగోరొవ్ 1941లో లెక్క చెప్పాడు. మన నెత్తిన తిరిగే గాలిలో కిలోమీటరు సుళ్ళూ ఉంటాయి, మిల్లీమీటరు సుళ్ళూ ఉంటాయి. ఒక్కటీ వదలకుండా లెక్కించాలంటే బిందువులు మిల్లీమీటరుకొకటి చొప్పున పెట్టాలి. రెనాల్డ్స్ సంఖ్య పదింతలైతే కావలసిన బిందువులు సుమారు 178 రెట్లవుతాయి. కాలంలో వేసే అడుగులు కూడా చిన్నవి వెయ్యాలి కనక మొత్తం పని దాదాపు వెయ్యి రెట్లు. ఈ ఒక్క వెయ్యి రెట్ల లెక్కే ఈ రంగంలో పనిచేసే వాళ్ళందరినీ ఇప్పటికీ వెంటాడుతుంది.

1972లో అమెరికాలో ఒర్సాగ్, ప్యాటర్సన్ అనే ఇద్దరు గోడలూ గట్లూ లేని ఊహా ప్రవాహాన్ని ఒక్కో దిక్కుకు 32 బిందువులతో లెక్కించారు. మొత్తం 32,768 బిందువులు. దానికి రెండేళ్ళ ముందు డియర్‌డార్ఫ్ అనే వాతావరణ శాస్త్రజ్ఞుడు రెండు పలకల మధ్య ప్రవాహాన్ని 6,720 బిందువులతో, చిన్న సుళ్ళను అంచనాకు వదిలేసి, లెక్కించి చూపాడు. ఆ రోజుల్లో చాలామంది దీన్ని ముచ్చటగా చూసి ఊరుకున్నారు. మొయిన్ ఈ రంగంలోకి వచ్చేసరికి పరిస్థితి ఇది.

ఆయన 1974లో మిన్నెసోటా యూనివర్సిటీలో మెకానికల్ ఇంజనీరింగ్ డిగ్రీ తీసుకుని స్టాన్‌ఫర్డ్ చేరారు. అక్కడ గణితమూ ఇంజనీరింగూ రెండూ చదివి 1978లో డాక్టరేట్ పొందారు. ఆయన గురువుల్లో ఒకాయన పేరు విలియం రెనాల్డ్స్. ఇంటిపేరు కలిసింది గానీ ఆ మాంచెస్టర్ రెనాల్డ్స్ వేరు, ఈయన వేరు. ఈ గురువుగారి సంగతి కొంచెం ఆగి చెప్పుకోవాలి. స్టాన్‌ఫర్డ్‌లోనే స్టీఫెన్ క్లైన్ బృందం నీటి కాలువలో సన్నని తీగ పెట్టి, దాంట్లో కరెంటు పంపి, హైడ్రోజన్ బుడగలు పుట్టించి, అవి నీటితో పాటు ఎలా కొట్టుకుపోతాయో ఫోటోలు తీసింది. గోడను అంటి ఉన్న పలుచని పొరలో నీళ్ళు చిందర వందరగా కాక పొడవాటి చారలుగా, ఒకటి వేగంగా ఒకటి మెల్లగా, పక్కపక్కన సాగుతున్నాయి. మెల్లని చార ఉన్నట్టుండి గోడ నుంచి పైకి లేచి, ఊగి, చిట్లిపోతుంది. 1967లో అచ్చయిన ఆ వ్యాసంతో, ఏ క్రమమూ లేదనుకున్న టర్బులెన్స్‌లో ఒక కట్టుబాటు ఉందని లోకానికి తెలిసింది. దాన్ని రాసిన నలుగురిలో ఈ విలియం రెనాల్డ్స్ ఒకరు. బుడగల్లో చారలు చూసిన కళ్ళే తర్వాత శిష్యుడి అంకెల్లోనూ వాటి కోసం వెతికాయన్న మాట.

మొయిన్ మొదట పట్టుకున్న దారి డియర్‌డార్ఫ్ దారే. దీన్ని చేపల వలతో పోల్చి చెబితే తేలిగ్గా పట్టుబడుతుంది. బిందువుల అల్లికే వల. వల కన్ను కంటే పెద్ద సుళ్ళు వలలో చిక్కుతాయి, వాటిని సమీకరణంతో నేరుగా లెక్కిస్తాం. కన్ను కంటే చిన్నవి జారిపోతాయి. అవి కనిపించవు గానీ పెద్దవాటి శక్తిని తినేస్తుంటాయి. ఆ తిండి ఎంతో ఒక సూత్రంతో అంచనా కట్టాలి. ఆ సూత్రం 1963లో స్మగోరిన్‌స్కీ ఇచ్చాడు. ఆయనా వాతావరణ శాస్త్రజ్ఞుడే.

డాక్టరేట్ తర్వాత మొయిన్ స్టాన్‌ఫర్డ్‌కు దగ్గర్లోనే ఉన్న నాసా ఏమ్స్ కేంద్రంలో చేరారు. అక్కడ ఇలియాక్ 4 అనే కంప్యూటర్ ఉండేది. 64 ప్రాసెసర్లు ఒకేసారి ఒకే పనిని పంచుకుని చేసే యంత్రం. ఇవాళ అందరూ వాడే సమాంతర కంప్యూటర్లకు తాత వరస. దాని మీద జాన్ కిమ్‌తో కలిసి మొయిన్ రెండు పలకల మధ్య ప్రవాహాన్ని 5,16,096 బిందువులతో లెక్కించారు. 1982లో ఆ వ్యాసం వెలువడింది. అంకెలనుంచి బొమ్మలు గీస్తే గోడ దగ్గర చారలు కనిపించాయి. అంతేకాదు, లెక్కలోనే ఒక గీత పొడుగునా ఊహా బుడగలు వదిలి అవి ఎటు పోతాయో సినిమాగా తీశారు. క్లైన్ ఫోటోల పక్కన పెట్టి చూసుకోవచ్చు. చారలు ఉండాలని ఎవరూ కంప్యూటర్‌కు చెప్పలేదు. న్యూటన్ సూత్రం చెప్పారు, గోడ చెప్పారు. చారలు వాటంతటవే పుట్టాయి.

అయినా వలలోంచి జారిన సుళ్ళ దగ్గర అంచనా అంచనాయే కదా. ఆ సూత్రం పెట్టిన తప్పు ఎంతో, నిజం ఎంతో ఎలా తేలుతుంది? ఒక్క సుడి కూడా జారనంత సన్నని కన్నుతో వల వెయ్యాలి. అందుకు రెండు చెయ్యాలి. యంత్రం పెద్దదవ్వాలి, ప్రవాహం నెమ్మదించాలి. 1987లో జాన్ కిమ్, మొయిన్, రాబర్ట్ మోజర్ ముగ్గురూ ఆ పని చేశారు. 1982 లెక్కలో 13,800గా ఉన్న రెనాల్డ్స్ సంఖ్యను 3,300కు దించారు. బిందువులను సుమారు 40 లక్షలకు పెంచారు. పొడవున 192, గోడ నుంచి గోడకు 129, అడ్డంగా 160. క్రే కంపెనీ సూపర్ కంప్యూటర్ మీద సుమారు 250 గంటల పని. ఏ అంచనా సూత్రమూ లేదు, నావియే స్టోక్స్ సమీకరణాలు మాత్రమే. ఇలాంటిదాన్ని డైరెక్ట్ సిమ్యులేషన్ అంటారు.

ఇక్కడ మనవరాలు మళ్ళీ అడ్డుపడింది. "అది నిజం నీళ్ళలాగే పారిందని ఎలా నమ్మడం తాతయ్యా? కంప్యూటర్ ఏదో ఒక అంకె ఇస్తూనే ఉంటుంది కదా." ఈ ప్రశ్న కోసమే నేను ఈ కబురు ఎత్తుకున్నాను.

మొదటి సంగతి. లెక్కలోని సుళ్ళు ప్రయోగశాలలోని సుళ్ళతో ఒక్కొక్కటిగా సరిపోవు, సరిపోనక్కరలేదు. టర్బులెన్స్‌లో మొదట్లో ఆవగింజంత తేడా ఉన్నా కాసేపటికి రెండు ప్రవాహాలూ వేరే దారులు పడతాయి. రెండు ప్రయోగశాలల్లో ఒకే రకం గొట్టం పెట్టినా అంతే. ఏ సుడి ఏ క్షణాన ఎక్కడ పుడుతుందన్నది ఎవరూ చెప్పలేరు. కానీ సగటు వేగం, ఊగిసలాట సగటున ఎంత, గోడ మీద రాపిడి ఎంత, చారల మధ్య ఎడం ఎంత, ఇవి ఎన్నిసార్లు చూసినా ఒకటే వస్తాయి. పోల్చవలసింది వీటిని. ఆ ముగ్గురూ అదే చేశారు. ప్రయోగాల్లో వచ్చిన సగటులన్నీ తెచ్చి తమ సగటుల పక్కన పెట్టారు. చారల ఎడం సరిపోయింది. చాలా గీతలు ఒకదాని మీద ఒకటి కూర్చున్నాయి. కొన్ని కూర్చోలేదు. గోడకు బాగా దగ్గరలో తేడాలు వచ్చాయి. వాళ్ళు ఆ తేడాలను దాచలేదు, వ్యాసంలో విడమరచి చర్చించారు.

గోడ దగ్గర కొలవడం ప్రయోగంలోనూ కష్టమే. వెంట్రుక కన్నా సన్నని తీగను వేడిచేసి ప్రవాహంలో పెడతారు. నీళ్ళో గాలో దాన్ని ఎంత చల్లార్చిందో చూసి వేగం లెక్కకడతారు. గోడకు మిల్లీమీటరులో భాగమంత దూరంలో ఆ తీగ వేడి గోడకూ పోతుంది, పక్క దిక్కు వేగం కూడా కొలతలో కలుస్తుంది. అందుచేత తేడా వచ్చిన చోటల్లా లెక్కే తప్పనుకోవడానికి వీల్లేదు. తర్వాతి ఏళ్ళలో వేరే బృందాలు వేరే పద్ధతులతో అదే ప్రవాహాన్ని లెక్కించాయి, అవే సగటులు వచ్చాయి. మెల్లగా తరాజు తిరిగింది. గోడ దగ్గర కొత్త కొలత పరికరం తెచ్చినవాళ్ళు దాన్ని డైరెక్ట్ సిమ్యులేషన్ అంకెలతో సరిచూసుకోవడం మొదలుపెట్టారు. నాకు తెలిసినంతలో ఈ రంగంలో జరిగిన అతి పెద్ద మార్పు ఇదే. 40 లక్షల బిందువులు గొప్ప కాదు, ఆ బిందువుల మాటను ప్రయోగం చేసేవాళ్ళు ఒప్పుకోవడం గొప్ప.

దీని తర్వాత మొయిన్ చేసిన పని వ్యాసాల కన్నా పెద్దదని నా అభిప్రాయం. 1986లో ఆయన స్టాన్‌ఫర్డ్‌లో ప్రొఫెసరుగా చేరారు. మరుసటి ఏడు స్టాన్‌ఫర్డూ నాసా కలిసి టర్బులెన్స్ పరిశోధన కేంద్రం పెట్టాయి, దానికి ఆయన పెద్ద దిక్కయ్యారు. ఆ ఏడాదే వేసవి శిబిరం మొదలైంది. సూపర్ కంప్యూటర్ లేని వాళ్ళు, లెక్కలు తెలియని ప్రయోగకారులు, సిద్ధాంతాలు రాసుకునేవాళ్ళు, ప్రపంచంలో ఎవరైనా సరే, ఒక ఆలోచన పట్టుకుని నెల్లాళ్ళు అక్కడికి రావచ్చు. లెక్కించి ఉంచిన ప్రవాహాల్లో దాన్ని పరీక్షించుకోవచ్చు. ఎంతో డబ్బూ శ్రమా పోసి చేసిన లెక్కను ఎవరైనా ముందు తామే పిండుకోవాలనుకుంటారు. ఇక్కడ మాత్రం తమ సిద్ధాంతాన్ని కాదనగల మనుషులను కూడా పిలిచి కూర్చోబెట్టి అంకెలు చేతికిచ్చారు.

ఫలితాలు చూడండి. 1988లో కేంబ్రిడ్జి నుంచి జూలియన్ హంట్ వచ్చాడు. అసలు సుడి అంటే ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో అంకెల్లో గుర్తుపట్టడం ఎలా అన్నది ప్రశ్న. నీరు సాగే దానికన్నా తిరిగేది ఎక్కువగా ఉన్న చోటును సుడి అందామని ఆయన, అలన్ రే, మొయిన్ ఒక కొలత పెట్టారు. అదే క్యూ కొలత. ఇవాళ ఏ ఇంజనీరింగ్ కాలేజీలో ప్రవాహాల బొమ్మ గీసినా రంగురంగుల సుళ్ళు ఆ కొలతతోనే ఎక్కువగా గీస్తారు.

1990 వేసవిలో ఇటలీ నుంచి మాసిమో జెర్మానో వచ్చాడు. ఆయన తెచ్చిన ఆలోచనకు మన వల మళ్ళీ పనికొస్తుంది. స్మగోరిన్‌స్కీ సూత్రంలో ఒక స్థిరాంకం ఉంటుంది. చిక్కేమిటంటే అది స్థిరంగా ఉండదు. గోడ లేని ప్రవాహానికి ఒక విలువ, గోడలున్న చోట అందులో సగం, గోడ దగ్గర సున్నా దాకా దించాలి. ప్రతి ప్రవాహానికీ ముందే జవాబు తెలిసినట్టు దాన్ని సర్దుకుంటూ ఉండేవాళ్ళు. జెర్మానో ఏమన్నాడంటే, లెక్కలో దొరికిన ప్రవాహం మీదే రెట్టింపు కన్నున్న వల ఇంకొకటి వెయ్యండి. పెద్ద కన్ను వలలోంచి జారి చిన్న కన్ను వలలో చిక్కినవి మనకు కళ్ళెదుట ఉన్నాయి. వాటిని చూసి, చిన్న వలలోంచి కూడా జారిపోయినవి ఏపాటివో అంచనా కట్టవచ్చు. అంటే స్థిరాంకం ఎంతో ఆ ప్రవాహమే, ఆ చోటే, ఆ క్షణమే చెబుతుంది. జెర్మానో, పియోమెల్లి, మొయిన్, క్యాబట్ నలుగురూ కలిసి 1991లో దీన్ని ప్రకటించారు. గోడ దగ్గర అది తనంతట తానే సున్నాకు దిగుతుంది. సుళ్ళు లేని చోట తప్పుకుంటుంది. ఇవాళ పరిశ్రమల్లో వాడే పెద్ద పెద్ద ప్రోగ్రాముల్లో ఈ పద్ధతి ఉంది.

అదే 1991లో మాడ్రిడ్ నుంచి వచ్చిన హవియెర్ హిమేనెజ్‌తో మొయిన్ ఇంకో చిత్రమైన పని చేశారు. కంప్యూటర్‌లో పలకల మధ్య ఖాళీ అలాగే ఉంచి లెక్కించే ముక్క వెడల్పును తగ్గించుకుంటూ పోయారు. ఎంత సన్నని ముక్కలో టర్బులెన్స్ ఇంకా బతికి ఉంటుంది అని. ఒక హద్దు దాటి సన్నబడితే ఆరిపోయింది. ఆ హద్దు దాదాపుగా ఒక చారల జంట పట్టేంత వెడల్పు. గోడ దగ్గర టర్బులెన్స్‌కు ఊపిరి ఆ చారలేనన్నమాట. ఏ ప్రయోగశాలలోనూ ఇది చెయ్యలేరు. గోడలు దగ్గరికి జరిపితే గోడల రాపిడి మారిపోతుంది. కంప్యూటర్‌లో అయితే కుడివైపు దాటిన నీళ్ళు ఎడమవైపు నుంచి తిరిగి వచ్చేటట్టు పెట్టుకోవచ్చు.

1994లో హేచియన్ చోయ్, కిమ్‌లతో చేసిన లెక్క కూడా ఈ కోవదే. గోడ నిండా కంటికి కనిపించని రంధ్రాలున్నాయనుకుని, గోడకు కాస్త పైన నీళ్ళు కిందికి దిగుతుంటే అక్కడ రంధ్రంలోంచి పైకి చిమ్మడం, పైకి లేస్తుంటే లోపలికి పీల్చడం. చారలను లేపే సుళ్ళు బలహీనపడి గోడ రాపిడి సుమారు 25 శాతం తగ్గింది. ఇంధనం ఖర్చు చూసుకునే విమానాల కంపెనీలకు ఆ అంకె ఎలా వినిపించి ఉంటుందో ఊహించుకోవచ్చు. అంతటి గోడను నిజంగా తయారుచెయ్యడం ఇప్పటికీ చేతికందని పనే.

విమానం మాట వచ్చింది కనక చెబుతాను. 1997లో సైంటిఫిక్ అమెరికన్ పత్రికలో మొయిన్, కిమ్ ఒక లెక్క వేశారు. ఎగిరే పెద్ద విమానం చుట్టూ గాలిని చిన్న సుడి కూడా వదలకుండా లెక్కించాలంటే బిందువులు ఒకటి పక్కన 16 సున్నాలన్ని కావాలి. సెకనుకు లక్ష కోట్ల లెక్కలు చేసే యంత్రమున్నా ఒక్క సెకను ప్రయాణానికి కొన్ని వేల ఏళ్ళు పడుతుంది. తన పద్ధతి హద్దు ఎక్కడో చదువరులకు ఇంత విప్పి చెప్పిన వాళ్ళను నేను గౌరవిస్తాను. అందుకే ఆయన బృందం విమానాలకూ ఇంజన్లకూ పెద్ద సుళ్ళను నేరుగా లెక్కించి చిన్నవాటిని అంచనా కట్టే దారిలోనే నడిచింది. 1997 నుంచి జెట్ ఇంజను లోపల కంప్రెసరు, మంట, టర్బైను కలిపి లెక్కించే పెద్ద ప్రాజెక్టు చేపట్టారు. 2013లో మొయిన్ టర్బులెన్స్ పరిశోధన కేంద్రానికే చెందిన జోసెఫ్ నికల్స్ లివర్‌మోర్ ప్రయోగశాలలోని సెక్వోయా కంప్యూటర్ మీద 10 లక్షలకు పైగా ప్రాసెసర్ కోర్లను ఒకేసారి పనిలో పెట్టి, జెట్ ఇంజను వెనక పుట్టే చప్పుడును లెక్కించాడు. మొయిన్ మొదలుపెట్టింది 64 ప్రాసెసర్ల యంత్రంతో అని గుర్తుందిగా.

మన దేశం సంగతీ ఒక మాట చెప్పాలి. బెంగళూరులోని నేషనల్ ఏరోనాటికల్ లాబొరేటరీలో 1986లోనే ఫ్లోసాల్వర్ అనే సమాంతర కంప్యూటర్ తయారయింది. ప్రవాహాల లెక్కల కోసమే కట్టుకున్నది. మన దేశంలో ఆ రకం యంత్రాల్లో అదే మొదటిది. అప్పుడు ఆ సంస్థ డైరెక్టరు రొద్దం నరసింహ. రొద్దం మన పాత అనంతపురం జిల్లాలోని ఊరు. టర్బులెన్స్ మీద జీవితమంతా పనిచేసిన మనిషి ఆయన. ఆయన దగ్గర డాక్టరేట్ చేసిన కె.ఆర్. శ్రీనివాసన్ తర్వాత అమెరికా వెళ్ళారు. 2015లో పి.కె. యంగ్ బృందంతో కలిసి ఒక్కో దిక్కుకు 8,192 బిందువుల లెక్కను పరిశీలించి, టర్బులెన్స్‌లో అరుదుగా పుట్టే విపరీతాల మీద రాశారు. ఒర్సాగ్ 32 నుంచి 8,192 దాకా రావడానికి 43 ఏళ్ళు పట్టింది.

పలకల మధ్య ప్రవాహం కథ కూడా ఆగలేదు. 1987 ముగ్గురిలో ఒకరైన మోజర్, లీ అనే సహచరుడితో కలిసి 2015లో సుమారు 12 వేల కోట్ల బిందువులతో అదే ప్రవాహాన్ని మళ్ళీ లెక్కించారు. ఆ సగటుల పట్టికలు టెక్సాస్ యూనివర్సిటీ వాళ్ళు అందరికీ ఉచితంగా ఇంటర్నెట్‌లో పెట్టారు. జాన్స్ హాప్కిన్స్ యూనివర్సిటీ అయితే లెక్కించిన ప్రవాహాలనే మొత్తంగా తెరిచి ఉంచింది.

ఇంజనీరింగ్, ఫిజిక్స్ చదివే పిల్లలకు నేను చెప్పేది ఒక్కటే. నమ్మకం కలగకపోతే మంచిదే, మీరే సరిచూసుకోండి. ఆ పట్టిక దించుకోండి. గోడ నుంచి దూరం ఒక వరసలో, సగటు వేగం ఇంకో వరసలో ఉంటాయి. దూరానికి లాగరిథమ్ తీసి అడ్డంగా, వేగాన్ని నిలువుగా పెట్టి గ్రాఫు గీయండి. గోడను ఆనుకుని ఉన్న పొరలో వేగం దూరంతో సమంగా పెరుగుతుంది, కాబట్టి లాగ్ గ్రాఫులో గీత వంగి ఉంటుంది. మధ్యలో కొంత మేర అది తిన్నని గీతగా మారుతుంది. వాన్ కార్మాన్ 1930లో చెప్పిన సూత్రం అదే. మీ గీత తిన్నగా రాకపోతే ఎక్కడ వంగిందో గుర్తు పెట్టుకుని, మీ ఫ్లూయిడ్ మెకానిక్స్ మాస్టారి దగ్గరికి ఆ కాగితం తీసుకెళ్ళి అడగండి.